బేస్‌బాల్ పోస్ట్‌సీజన్‌లో (లీగ్ తర్వాత కప్పు కోసం ఆడే మ్యాచ్‌ల్లో) క్లోజర్‌ని (లీడ్ కాపాడేందుకు చివర్లో బంతులేసే పిచర్‌ని) ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా దాచాలా, అవసరమైతే ఐదులోనే దించాలా?

స్కోర్‌కార్డ్
అక్టోబర్ వస్తే చాలు, ఇదే గొడవ. నా వాదన 2016 వైల్డ్‌కార్డ్ మ్యాచ్‌తో మొదలుపెడతా. టొరంటోలో ఓరియోల్స్ ఆడిన ఆ మ్యాచ్‌లో ఓడితే ఇంటికే. ఆ ఏడాది వాళ్ల క్లోజర్ జాక్ బ్రిటన్‌కి 47 సేవ్ (లీడ్ నిలబెట్టి మ్యాచ్ ముగించే) అవకాశాలొస్తే 47 సేవ్‌లు, ఇఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే సగటు పరుగులు) 0.54. తొమ్మిదిలో తేలక సాగిన మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్‌లో స్కోరు 2-2. బ్రిటన్ బుల్‌పెన్‌లో (పిచర్లు వేడెక్కే చోట), మరో పిచర్ హిమెనెజ్ మౌండ్ (బంతి వేసే దిబ్బ) మీద. టొరంటో బ్యాటర్ ఎన్‌కార్నసియన్ మూడు పరుగుల హోమర్ (బంతి బౌండరీ దాటిన షాట్) కొట్టాడు, 5-2. జట్టులో అందరికంటే మంచి రిలీవర్ (మధ్యలో దిగే పిచర్) ఆ మ్యాచ్‌లో ఒక్క బంతి వేయకుండానే సీజన్ ముగిసింది. దీన్ని ఎవరైనా సమర్థించగలరా?

సింకర్ సీను
నేను సమర్థిస్తా అన్నా. బయటి మైదానంలో ఆఖరి బ్యాటింగ్ ప్రత్యర్థిది. టైలో క్లోజర్‌ని వాడేస్తే, పన్నెండులో లీడ్ వచ్చాక ఆఖరి మూడు ఔట్లు ఎవరు తీస్తారు? ఓరియోల్స్ మేనేజర్ షోవాల్టర్ ఆగింది ఆ లీడ్ కోసమే.

స్కోర్‌కార్డ్
ముందు లీడ్ రావాలి కదా! టైలో ఒక్క పరుగు ఇస్తే అక్కడికక్కడే ఖతం. రెండు పరుగుల లీడ్ ఉంటే రెండో రకం రిలీవర్ కూడా ఒక పరుగు ఇచ్చి బయటపడగలడు. మంచివాణ్ణి ఎక్కడ వాడాలో ఇందులోనే తెలిసిపోతోంది. 2025 వరల్డ్ సిరీస్ (ఫైనల్) ఏడో మ్యాచ్ కూడా టొరంటోలోనే. 4-4 టై, తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, ఒక ఔట్, బేస్‌ల మీద ఇద్దరు. ముందురోజే 96 బంతులు వేసిన స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) యమమోటోని డాడ్జర్స్ దించారు. 34 బంతుల్లో ఎనిమిది ఔట్లు తీశాడు, పదకొండులో 5-4తో కప్పు వాళ్లదే.

క్రికెట్ కిట్టు
టీ20లో బుమ్రాకి చివర్లో రెండు ఓవర్లు ఆపుతారు కదా, క్లోజర్‌ని దాచడమూ అలాంటిదేగా?

ఎడమచేతి వాటం
కాదు బ్రదర్. బుమ్రా నాలుగు ఓవర్లను విడగొట్టి వేయించొచ్చు. ఇక్కడ మ్యాచ్ నుంచి ఒకసారి తీసేసిన పిచర్ మళ్లీ రాడు. అందుకే ఎప్పుడు దించాలన్నది ఇంత తలనొప్పి.

నేను స్కోర్‌కార్డ్ వైపే, కానీ ఒక షరతు ఉంది. 2016లో బోస్టన్‌తో మొదటి మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ మేనేజర్ ఫ్రాంకోనా రిలీవర్ ఆండ్రూ మిల్లర్‌ని ఐదో ఇన్నింగ్స్‌లో, 4-3 లీడ్‌లో దించాడు. మిల్లర్ 40 బంతులు వేశాడు, క్లీవ్‌లాండ్ 5-4తో గెలిచింది. ఆ పోస్ట్‌సీజన్ మొత్తంలో 19⅓ ఇన్నింగ్స్, 30 స్ట్రైకౌట్లు (బ్యాటర్ బంతి కొట్టలేక ఔటవడం). అందరూ చెప్పేది ఇంతవరకే. వెనకాల తొమ్మిదో ఇన్నింగ్స్‌కి క్లోజర్ కోడీ అలెన్ ఉన్నాడన్నది మర్చిపోతారు. ఇద్దరు లేని జట్టు ఆ పద్ధతిని కాపీ కొడితే సగంలోనే చిక్కుకుంటుంది.

సింకర్ సీను
సరే, మరి కబ్స్ క్లోజర్ చాప్‌మన్ సంగతేంటి? అదే ఏడాది వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్‌లో 42 బంతులు, ఎనిమిది ఔట్లు. ఆరో మ్యాచ్‌లో 7-2 లీడ్ ఉండగా ఏడో ఇన్నింగ్స్‌లోనే దించారు. లీడ్ 9-2 అయ్యాక కూడా తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలుపెట్టడానికి అతన్నే పంపారు! మర్నాడు ఏడో మ్యాచ్‌లో 6-3 మీద వచ్చి క్లీవ్‌లాండ్ బ్యాటర్లు గయర్‌కి డబుల్ (రెండో బేస్ చేరే షాట్), రజాయ్ డేవిస్‌కి హోమర్ ఇచ్చాడు, 6-6. పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ ఎలాగో 8-7తో బయటపడ్డారు గానీ, రిలీవర్‌ని ఇలా అరగదీస్తే ఏమవుతుందో చూశాం.

ఎడమచేతి వాటం
అది తొందరగా దించడం వల్ల వచ్చిన తిప్పలు కాదు, అవసరం లేని చోట దించడం వల్ల వచ్చినవి. ఐదు పరుగుల లీడ్‌లో క్లోజర్ ఎందుకు?

బుల్‌పెన్ బాబాయ్
మౌండ్ మీద వేసినవే లెక్కపెడుతున్నారు. బుల్‌పెన్‌లో పూర్తిగా వేడెక్కి, అవసరం లేదని కూర్చుని, మళ్లీ లేచి వేసేవాటికి స్కోర్‌షీట్‌లో గడే లేదు. చెయ్యి మాత్రం అలసిపోతుంది. మేనేజర్ ఫోన్ చేస్తే ఏ బ్యాటర్ దగ్గర దించుతాడో ముందే చెప్పాలి.

ఇంకోటి: 2020 నుంచి రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఇన్నింగ్స్ ముగియాలి. ఎడమచేతి బ్యాటర్ ఒక్కడి కోసం లెఫ్టీని (ఎడమచేతి పిచర్‌ని) తెచ్చి వెంటనే తీసేయడం ఇక కుదరదు. కాబట్టి ఆర్డర్‌లో వరుసగా ముగ్గుర్ని చూడండి. ఎడమచేతి బ్యాటర్లిద్దరి మధ్య కుడిచేతి బ్యాటర్ ఒకడుంటే అదే మన లెఫ్టీని దించే చోటు. ఒకే సిరీస్‌లో అదే రిలీవర్‌ని అదే ముగ్గురి మీదికి మూడు నాలుగుసార్లు పంపితే స్లైడర్ ఎక్కడ విరుగుతుందో వాళ్లు పట్టేస్తారు. అందుకని ఒకే కూర్పు రోజూ వద్దు.

సింకర్ సీను
2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్ కూడా కలుపుకోండి బాబాయ్. టాంపా బే స్టార్టర్ స్నెల్ 73 బంతుల్లో తొమ్మిది స్ట్రైకౌట్లు తీసి 1-0 లీడ్‌లో ఉన్నాడు. అదే మ్యాచ్‌లో బ్యాటర్లు అతన్ని మూడోసారి చూస్తే కొట్టేస్తారన్న భయంతో ఆరో ఇన్నింగ్స్‌లో తీసేశారు. రిలీవర్ ఆండర్సన్ వచ్చాడు, డాడ్జర్స్ బ్యాటర్ బెట్స్ డబుల్, ఒక వైల్డ్ పిచ్ (క్యాచర్‌కి అందని బంతి), లీడ్ పోయింది. చివరికి 3-1తో కప్పు డాడ్జర్స్‌కి.

బుల్‌పెన్ బాబాయ్
మూడోసారి ప్రమాదం నిజమే. కానీ వచ్చేవాడు ఆ వారం ఎలా వేస్తున్నాడో కూడా చూడాలిగా! ఆండర్సన్ అప్పటికే వరుసగా పరుగులిస్తున్నాడు.

మీరంతా క్లోజర్ గురించే కొట్టుకుంటున్నారు, పిచర్ల జాబితాలో ఆఖరివాణ్ణి వదిలేశారు. ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద ఉచితంగా రన్నర్‌ని నిలబెట్టే రూల్ పోస్ట్‌సీజన్‌లో లేదు, మ్యాచ్ ఎంతసేపైనా సాగొచ్చు. 2025 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్ సాగింది. డాడ్జర్స్ తరఫున ఆఖరి నాలుగూ రిలీవర్ విల్ క్లైన్ ఒక్కడే, 72 బంతులు, పరుగు ఇవ్వలేదు. రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) రాసేటప్పుడు ఒక్కో ఇన్నింగ్స్ వేసేవాళ్లనే నింపకుండా, యాభై బంతులు దాటి వేయగలిగేవాడికి ఒక చోటు ఉంచండి.

స్కోర్‌కార్డ్
ఆ చోటు కోసం ఎవర్ని తీసేస్తారు బాబాయ్? పిచర్లు పదమూడు మందికి మించకూడదు.

బుల్‌పెన్ బాబాయ్
ఐదో స్టార్టర్‌ని తీసేయక్కర్లేదు, బుల్‌పెన్‌కి పంపితే చాలు. సెలవు రోజులున్న సిరీస్‌కి స్టార్టర్లు నలుగురు సరిపోతారు.