క్లయింట్ నమ్మకం వేరు, మన నమ్మకం వేరు: పని ఎలా వద్దనాలి? అర్జెంట్

ఇంటి డీటీపీ: అందరికీ నమస్కారం. విజయవాడలో ఇంట్లోంచే డీటీపీ, డిజైనింగ్ చేస్తుంటా. పొద్దున్నుంచి ఒకే వాట్సాప్ మెసేజ్ రాయడం, చెరపడం, మళ్లీ రాయడం, ఇదే సరిపోయింది. ఒక పాంప్లెట్ పని వచ్చింది, ఆ క్లయింట్ నమ్మకాలు వేరు, నావి వేరు. మేటర్ కొడుతుంటే చేతులు రావడం లేదు. వద్దని చెప్పాలి, ఆయన నొచ్చుకోకూడదు, నా పనులూ పోకూడదు. ఇలాంటివి ఎవరైనా వదులుకుని ఉంటే ఏమని మెసేజ్ పెట్టారో చెప్పండి ప్లీజ్. సాయంత్రంలోగా ప్రూఫ్ ఇవ్వాలి. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్స్, ఏ4 సైజు, రెండు వైపులా.

అచ్చుతప్పు: అడ్వాన్స్ తీసుకున్నావా?

యూనికోడ్ బాబాయ్: ఇంకా పేజ్‌మేకరేనా నాయనా! పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ వాళ్లే దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్‌కి వెళ్లిపోయారు, మనవాళ్లు మాత్రం పట్టుకుని వేలాడుతున్నారు. అను యూనికోడ్ కాదు, అంటే అన్ని ఫోన్లకీ కంప్యూటర్లకీ తెలిసిన అక్షర పద్ధతి కాదు. అందుకే అందులో కొట్టిన మేటర్ గూగుల్‌లో వెతికితే దొరకదు, ఫోన్‌లో పేస్ట్ చేస్తే అన్నీ పిచ్చి గుర్తులు. సూరన్న, మండలి, రామభద్ర, తిమ్మన, ఇన్ని యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతుంటే ఇంకా ఈ బాధ ఎందుకు? ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేసుకుంటే ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. ముందు ఆ సంగతి చూసుకో, క్లయింట్ గొడవ తర్వాత.

ఫ్లెక్స్ భాయ్: నాకు అర్థం కాదు, పనికి మతం ఏంటి బ్రో? నేను ముస్లింని. మా షాపులో రంజాన్‌కి సహరీ, ఇఫ్తార్ టైమ్‌టేబుల్ కార్డులు ఎలా కొడతామో, వినాయక చవితికి పందిళ్ల ఫ్లెక్సులు కూడా అలాగే కొడతాం. నిజం చెప్పాలంటే మాకు సీజన్ అంటే వినాయక చవితే. కస్టమర్ దేవుడి ఫొటో ఇస్తాడు, మనం సైజు చూస్తాం, రిజల్యూషన్ చూస్తాం. అంతే. ఇలా నమ్మకాలు చూసి వదులుకుంటూ పోతే ఇల్లు గడవదు.

పటమట కుర్రాడు: విజయవాడలో ఉండి ఈ ప్రశ్న అడగడం విచిత్రంగా ఉంది. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం 1947 నుంచి మన పటమటలోనే ఉంది. నాస్తికుడు ధైర్యంగా "ఇది నేను చేయను" అని చెప్పాలి. నొచ్చుకుంటారేమో అని వెనకాడితే ఇక అది ఏం నాస్తికత్వం?

ఇంటి డీటీపీ: నేను నాస్తికురాలినని ఎక్కడ రాశాను?? బ్రో కూడా కాదు. నేను చర్చికి వెళ్తాను. ఎన్ని గుళ్లకి కుంభాభిషేకం పత్రికలు చేశానో లెక్కే లేదు, అయ్యప్ప పడిపూజ కార్డులు ప్రతి ఏడాదీ నా దగ్గరికే వస్తాయి. పైన "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" ఒక పాయింటు పక్కకి జరిగినా నేనే చూసి సరిచేస్తా. ఇది మతం గొడవ కాదు. తాయత్తులు కట్టే ఆయన పాంప్లెట్. ఆయన ఏ మతమో చెప్పను, అన్నిట్లోనూ ఉన్నారు అలాంటివాళ్లు.

అచ్చుతప్పు: అడ్వాన్స్ సంగతి చెప్పలేదు.

ఫ్లెక్స్ భాయ్: సారీ మేడమ్. అయినా తాయత్తులయితే ఏంటి, వాస్తు వాళ్లకి, జాతకాల వాళ్లకి కూడా చేస్తాం కదా.

ఇంటి డీటీపీ: షుగర్, పక్షవాతం, పిల్లలు లేకపోవడం, అన్నిటికీ ఒకటే తాయత్తు అట. అక్కడిదాకా ఎలాగో ఓర్చుకున్నా. రెండో వైపు చూడండి: "ఫిట్స్ వచ్చే పిల్లలకు తాయత్తు కట్టిన నాటి నుండి మందుబిళ్లలు పూర్తిగా ఆపివేయవలెను." ఇది ఎర్ర రంగులో, పెద్దక్షరాల్లో, చుట్టూ బోర్డర్‌తో కావాలట. నేను ఆగిపోయింది అక్కడే.

అచ్చుతప్పు: ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది.

కోర్టు వీధి: అమ్మా, ఇప్పటిదాకా అందరూ నమ్మకం, మతం అంటూ ఊరంతా తిరిగొచ్చారు, అసలు విషయం ఇది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. తాయత్తు, మంత్రం, కవచం, ఇవన్నీ అందులో "మ్యాజిక్ రెమెడీ" కిందికి వస్తాయి. షెడ్యూల్‌లో, అంటే చట్టం చివరి జాబితాలో ఉన్న రోగాలు వీటితో నయమవుతాయని ప్రకటన ఇవ్వకూడదు. మొత్తం 54 ఉన్నాయి, మీరు చెప్పిన షుగర్, పక్షవాతం, ఆడవాళ్లలో సంతానలేమి, ఫిట్స్ నాలుగూ అందులోవే. పాంప్లెట్ కూడా ప్రకటనే. ముఖ్యంగా గమనించండి, అచ్చు వేయడం కూడా ప్రకటనలో పాలుపంచుకోవడం కిందికే వస్తుంది. మొదటిసారి అయితే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే ఏడాది వరకు. కాబట్టి "నాకు నమ్మకం లేదు" అని మెసేజ్ పెట్టకండి, అది వాదన అయిపోతుంది. ఆయన తాయత్తు గొప్పతనం మీకు బోధిస్తాడు. "ఈ లైన్లు ఉంటే చట్టప్రకారం మీకూ ప్రెస్‌కీ ఇబ్బంది, తీసేస్తే చేసిస్తాను" అనండి. ఇంతకీ పని ఎవరిచ్చారు, ఆయనే నేరుగా వచ్చాడా?

ఇంటి డీటీపీ: లేదండీ, ప్రెస్ వాళ్లు ఇచ్చారు. నాకు నెలలో సగం పైన పనులు వాళ్లవే. రెండు వేలు కూడా వాళ్లే ఫోన్‌పే చేశారు.

అచ్చుతప్పు: అదీ సంగతి. తీసుకున్నారు. తిరిగిచ్చేయండి.

ఫ్లెక్స్ భాయ్: ఎందుకివ్వాలి? ఒక వైపు పూర్తయింది కదా. దానికి చార్జీ పట్టుకుని మిగతాది ఇవ్వాలి.

అచ్చుతప్పు: అది అడ్వాన్స్. పని అప్పజెప్పకపోతే మొత్తం ఇవ్వాలి.

ఫ్లెక్స్ భాయ్: ప్రెస్ వాళ్లతో నెలవారీ లెక్క ఉంటే అది అడ్వాన్స్ ఎలా అవుతుంది అన్నా? ఖాతాలో జమ. మేడమ్, మీది బిల్లు మీద లెక్కా, ఖాతానా?

అచ్చుతప్పు: జమ అయినా అడ్వాన్సే.

మందుల చీటీ: మధ్యలో దూరుతున్నా. ఫార్మసీలో పనిచేస్తా. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ విడవకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మానాలన్నా డాక్టర్ చూసుకుంటూ డోసు కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఆ లైను అచ్చవ్వకుండా ఆపండి అక్కా, మిగతా డబ్బు లెక్కలు రేపు చూసుకోవచ్చు.

పటమట కుర్రాడు: మొత్తం పాంప్లెట్టే ఆపాలి. లైన్లు తీసేసి చేసిస్తే తాయత్తుకి ప్రచారం చేసినట్టు కాదా?

కోర్టు వీధి: ఆమె అడిగింది ఉద్యమం గురించి కాదు బాబూ, సాయంత్రం ప్రూఫ్ గురించి. అమ్మా, మీ క్లయింట్ తాయత్తుల ఆయన కాదు, ప్రెస్ ఓనర్. ఆయనకి ఫోన్ చేయండి, మెసేజ్ వద్దు. కేసు అయితే ముందు పట్టుకునేది ఆయన్నే. ఆ మాట చాలు, మీ నమ్మకం ఊసు ఎత్తనక్కర్లేదు. రోగాల పేర్లు అన్నీ తీసేయమనండి, ఒక్క ఫిట్స్ లైనే కాదు.

యూనికోడ్ బాబాయ్: ఎవరూ నా పాయింట్ పట్టించుకోలేదు. ఆ చట్టం తెలుగులో వెతికితే నాకు దొరికినవన్నీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. అంతా యూనికోడ్‌లో ఉంటే ఈపాటికి ఈ అమ్మాయే వెతుక్కుని చదువుకునేది.

ఇంటి డీటీపీ: ఫోన్ చేశా. ముందు "మనకెందుకమ్మా, ఆయన మేటర్ ఆయనిష్టం" అన్నారు. చట్టం, జైలు అనేసరికి స్క్రీన్‌షాట్ పంపమన్నారు. రోగాల పేర్లు, రెండో వైపు మొత్తం తీసేయమన్నారు, తాయత్తుల ఆయనతో తనే మాట్లాడతారట. ఆయన ఒప్పుకుంటాడో, ఇంకో ప్రెస్‌కి వెళ్తాడో తెలీదు. మిగిలిన వైపు చేయాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నా. సరే, థాంక్స్ అందరికీ, అన్నం తినొస్తా.

పటమట కుర్రాడు: ఇంకో ప్రెస్‌కి వెళ్తే?

అచ్చుతప్పు: రెండు వేలు?

కొత్త మెంబర్: అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్ ఎవరి దగ్గరైనా ఉందా? నాకు క్షకారం, జ్ఞకారం తప్పుగా వస్తున్నాయి.

యూనికోడ్ బాబాయ్: వచ్చావా! రా నాయనా, నీ దగ్గర అను ఏ వెర్షన్ ఉందో ముందు చెప్పు.