అప్‌డేట్: ఖార్దుంగ్ లా ఎక్కేటప్పుడు టర్బో డీజిల్ జీపుకు నల్ల పొగ, లాగుడు తగ్గడం

నెల్లూరులో బాగా లాగే బండి లద్దాఖ్‌లోని ఆ కనుమ మీద, 5,359 మీటర్ల ఎత్తులో ఎందుకు చతికిలబడిందని అడిగాను కదా, కారణం దొరికింది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని కుదించి పంపేది) కాదు. ఆ కుదించిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ కింది గొట్టం చీలింది. మామూలుగా చూస్తే కనపడదు. వేళ్లతో నొక్కితే గోరంత చీలిక నోరు తెరుస్తుంది, చుట్టూ నూనె పట్టిన దుమ్ము గీత.

పట్టుకోవడం ఇలా: ఇంజిన్ ఆపి, టర్బోలోకి గాలి వెళ్లే నోటికి మూత బిగించి, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ పెట్టి 1 బార్ (ఒత్తిడి కొలత) లోపే గాలి ఎక్కించాలి. గొట్టాలన్నిటి మీదా సబ్బు నీళ్లు కొడితే బుడగలే చోటు చూపిస్తాయి. కొత్త గొట్టం, దాన్ని బిగించే రెండు టీ-బోల్ట్ క్లాంపులు (బోల్టుతో బిగిసే పట్టీలు) వేస్తే సరిపోయింది. పాత క్లాంపులు మళ్లీ వాడొద్దు.

ఇక్కడ తెలియనిది అక్కడెందుకు బయటపడిందంటే, నెల్లూరులో బయటి గాలి ఒత్తిడి 1 బార్, బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే ఒత్తిడి) ఇంకో 1, మొత్తం 2. పైన బయటి గాలే సగం. అదే బూస్టుకు ఒకటిన్నరే వస్తుంది, అందులో లీకు పోతే డీజిల్‌కు తగ్గ గాలి ఉండదు, అదే నల్ల పొగ. 2 కావాలంటే టర్బో నాలుగు రెట్లు కుదించాలి, అంత వేగం దానికి ప్రమాదం.

గొట్టం మార్చినా తక్కువ ఆర్‌పీఎంలో నీరసం ఉంటుంది, బూస్ట్ లేనప్పుడు ఇంజిన్‌కు అందేది సగం గాలే. నిటారు ఎక్కుడులో, మట్టి దారి అయితే, ఫోర్-లో (నాలుగు చక్రాలకూ శక్తి అందించే తక్కువ గేరు) వేసి కదలండి, క్లచ్ కాల్చుకోవద్దు.