తాతయ్య అంబాసిడర్‌కి పాత ఇంజిన్ మళ్లీ ఎక్కించవచ్చా?

మా తాతయ్య కొన్న 1968 అంబాసిడర్ మార్క్-2 తెనాలిలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. గేర్ లివర్ స్టీరింగ్ పక్కనే ఉండే మోడల్. బాడీ గట్టిగానే ఉంది, కాళ్ల కింద రేకు మాత్రం తుప్పు తినేసింది. అది ఎలాగోలా వెల్డింగ్ చేయించుకుంటా.

అసలు చిక్కు ఇంజిన్‌తోనే. అప్పట్లో చాలామందిలాగే మా నాన్న కూడా 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ దింపించి ఇసుజు ఇంజిన్ పెట్టించారు. ఆ రోజుల్లో అదే గొప్ప మరి! పాతది పారేయలేదు, గోనెసంచులు కప్పి ఓ మూలన పెట్టారు. ఇప్పుడు ఫ్లైవీల్ తిప్పితే అంగుళం కూడా కదలడం లేదు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో డీజిల్ పోసి వారమైంది. ఇంకా ఆగాలా, హెడ్ విప్పేయాలా? గడ్డపారతో తిప్పుదామని మా మెకానిక్ అంటుంటే నాకు టెన్షన్‌గా ఉంది.

ఇంకొకటి. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 నుంచి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబర్ ఇస్తున్నారు కదా, ఇంజిన్, ఛాసిస్, బాడీల్లో పెద్ద మార్పులు ఉండకూడదని షరతు. మా ఆర్‌సీలో ఇప్పటికీ పాత ఇంజిన్ నంబరే ఉంది. అదే తిరిగి ఎక్కిస్తే సరిపోతుందా? ఈ పని చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? విజయవాడ ఆటోనగర్‌లో దీని పిస్టన్లు, రింగులు ఇంకా దొరుకుతాయా?