క్లబ్బుల వీధిలో టవర్లు కడితే శబ్దం బాధ్యత ఎవరిది?

పదకొండో అంతస్తు:
నడిబొడ్డున ఫ్లాట్ కొని ఏడాదిన్నర అయింది. ఎదురు వీధిలో పాటల క్లబ్బులు ఉన్నాయని తెలిసే కొన్నాను, కాదనను. కానీ ఫ్లాట్ చూపించింది పగలు పదకొండు గంటలకి, అప్పుడు ఆ వీధిలో చప్పుడే లేదు. ఇప్పుడు రాత్రి ఒంటిగంటకు మంచం పక్కన గ్లాసులో నీళ్లు వణుకుతుంటాయి, పాప ఉలిక్కిపడి లేస్తుంది. ఓపిక పట్టీ పట్టీ కంప్లైంట్ పెట్టాను. ఒక క్లబ్బు లైసెన్స్ మీద విచారణ మొదలైంది, అప్పటి నుంచి "వాళ్లు ముందు నుంచీ ఉన్నారు, నువ్వే ఖాళీ చెయ్యి" అని మొహం మీదే అంటున్నారు. ముందు వచ్చినంత మాత్రాన పక్కవాళ్ల నిద్ర చెడగొట్టే హక్కు వచ్చేస్తుందా? సూటిగా చెప్పండి.

మిక్సర్ బోర్డు:
మీ నిద్ర సంగతి తేలిగ్గా తీసేయనండి. పదహారేళ్లుగా క్లబ్బుల్లో సౌండ్ చూస్తున్నాను, ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు ఎదురింటి పడగ్గదిలోకి మీటర్ పట్టుకుని వెళ్లింది కూడా నేనే. మీటర్‌లో అంకె పరిమితి లోపలే ఉంది, గోడ మీద అరచెయ్యి ఆనిస్తే మాత్రం ప్రతి దరువూ చేతికి తగులుతోంది. మామూలుగా శబ్దం కొలిచే డీబీఏ అనే లెక్క మన చెవి తీరును బట్టి కింది ఫ్రీక్వెన్సీలను, అంటే బొంగురు శబ్దాలను, తగ్గించి చూపిస్తుంది, 63 హెర్ట్జ్ దగ్గర సుమారు 26 డెసిబెల్స్ కోత పడుతుంది. పాటలో గుండెకు తగిలే ఆ దరువు, మేం బేస్ అంటాం, ఉండేది సరిగ్గా అక్కడే. గాలిలో ఆ అల పొడవు అయిదు మీటర్ల పైనే, పలచటి అద్దం దానికి లెక్కే కాదు. మందపాటి లామినేటెడ్ అద్దం, లోపల కాస్త ఎడంగా రెండో అద్దం, ఫ్రేము చుట్టూ సందు లేని సీలు, కిటికీ తెరవకపోయినా గాలి ఆడే ఏర్పాటు... ఇవన్నీ ప్లాన్ గీసేటప్పుడే పడాలి. పడగ్గదుల్ని వీధి వైపు నుంచి వెనక్కి తిప్పడం కూడా అప్పుడు కాగితం మీద గీత మార్చడమే, టవర్ లేచాక ఎవరూ చేయలేరు.

అందుకే నా కోపం మీ మీద కాదు, ఆ క్లబ్బు మీదా కాదు. అక్కడ క్లబ్బులు ఉన్నాయని తెలిసీ మామూలు కిటికీలతో పర్మిషన్ తెచ్చుకున్న బిల్డర్ మీద, ఇచ్చిన వాళ్ల మీద. కొత్తగా వచ్చినవాడే శబ్దం సంగతి చూసుకోవాలనే సూత్రాన్ని ఏజెంట్ ఆఫ్ చేంజ్ అంటారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2014లో దాన్ని ప్లానింగ్ నిబంధనల్లో పెట్టింది: లైవ్ మ్యూజిక్ ఉన్న చోటికి 50 మీటర్ల లోపల ఇళ్లు కడితే సౌండ్‌ప్రూఫింగ్ కట్టేవాడిదే, ఇళ్ల మధ్యకు కొత్త క్లబ్బు వస్తే ఆ ఖర్చు క్లబ్బుది. అంటే ఇది క్లబ్బులకు రాసిచ్చిన వరం కాదు. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కో కూడా చట్టం చేసింది. అక్కడ క్లబ్బుకు 300 అడుగుల లోపల ఇళ్లు కట్టాలంటే ముందు ఎంటర్‌టైన్‌మెంట్ కమిషన్ పరిశీలనకు వెళ్లాలి, కొనేవాళ్లకూ అద్దెకు వచ్చేవాళ్లకూ పక్కన ఏముందో రాతపూర్వకంగా చెప్పాలి. మీకు అలా ఎవరైనా చెప్పారా?

పదకొండో అంతస్తు:
లేదండి. బ్రోషర్‌లో "ఉత్సాహంగా ఉండే పరిసరాలు" అని ఉంది, అంతే.

అద్దె బతుకు:
నాకు ఈ చర్చలో ఒక్కటే బాధ. ఊరి చివర నుంచి రానూ పోనూ మూడు గంటలు బస్సులో గడిపేవాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడరు. ఉద్యోగాలున్న చోట, మెట్రో ఉన్న చోట ఎత్తుగా కట్టకపోతే ఇంకెక్కడ కడతారు? అద్దం మందం, గోడ మందం అంటూ ఒక్కో షరతూ పెంచుకుంటూ పోతే ఆ ఖర్చు చివరికి నా అద్దెలోనే కదా పడేది. పాటల కోసం ఇళ్లు ఆపేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.

మిక్సర్ బోర్డు:
ఇళ్లు ఆపమని నేను అనలేదండి, కట్టమనే అంటున్నాను. లండన్‌లో మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ అనే క్లబ్బు 1991 నుంచి ఉంది, దాని ఎదురుగానే 41 అంతస్తుల టవర్ ప్రతిపాదన వచ్చింది. ఏళ్ల తరబడి గొడవ పడ్డాక చివరికి 2014 నాటికి ఒప్పందం కుదిరింది, టవర్‌కు అనుమతీ వచ్చింది, క్లబ్బూ మిగిలింది. బిల్డర్ సౌండ్‌ప్రూఫింగ్ పెంచాలి, ఆ క్లబ్బు నుంచి ఇప్పటికే వస్తున్న శబ్దాన్ని ఒప్పుకుంటున్నట్టు ఫ్లాట్ల దస్తావేజుల్లోనే ఉండాలి, అదీ పద్ధతి. ఖర్చు పెరుగుతుందన్నారు, నిజమే, కొంత పెరుగుతుంది. కానీ ఆ ఖర్చు ముందే తెలిస్తే బిల్డర్ స్థలం కొనే ధరలోనే దాన్ని తగ్గించి బేరమాడతాడు. కట్టాక తెలిస్తే ఆ భారం ఇదిగో, ఈ పాప మీద పడుతుంది.

మూతపడిన తలుపు:
మీరిద్దరూ శబ్దం దగ్గరే ఆగిపోయారు. నేను చిన్న వేదిక ఒకటి పదకొండేళ్లు నడిపాను, నా మీద ఒక్క కంప్లైంట్ రాలేదు. అయినా మూసేశాను, ఎందుకంటే చుట్టూ టవర్లు లేచేసరికి మా స్థలం విలువ పెరిగింది, ఓనర్ లీజు పొడిగించలేదు. ఆఖరి రాత్రి స్పీకర్లు విప్పుతుంటే గోడకు వాటి ఆకారాలు తెల్లగా మిగిలాయి, చుట్టూ అంతా మసి పట్టి. 2007 నుంచి 2015 మధ్య లండన్‌లో చిన్న సంగీత వేదికలు 35 శాతం పోయాయి, అవన్నీ పక్కింటివాళ్ల ఫిర్యాదుతో పోయాయా? అద్దెలు, పన్నులు, స్థలాల అమ్మకాలు కూడా అందులో ఉన్నాయి. మీ ఏజెంట్ ఆఫ్ చేంజ్ పక్కింటివాడి నుంచి కాపాడుతుంది గానీ, సొంత ఓనర్ నుంచి కాపాడదు.

మిక్సర్ బోర్డు:
ఈ మాట కాదనలేను, నేను ముందే రాయాల్సింది. నిబంధనతో పాటు స్థలం కూడా చేతిలో ఉండాలి. బ్రిటన్‌లో చిన్న సంగీత వేదికల కోసం పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ అనే సంస్థ వాళ్లు జనం దగ్గర పెట్టుబడి సేకరించి వేదికల భవనాలను కొనడం మొదలుపెట్టారు, మొదటిది 2023లో యాథర్టన్‌లో ద స్నగ్ అనే చిన్న చోటు. నగరాలు కూడా ఇలా చేయొచ్చు, అదనపు అంతస్తులకు అనుమతి ఇచ్చేటప్పుడే కింది అంతస్తులో ఒక వేదికకు దీర్ఘకాలపు లీజు రాయించుకోవచ్చు. కాకపోతే ఆ హాలు నేలను భవనం కాంక్రీటుకు తగలకుండా రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టాలి, లేకపోతే బేస్ స్తంభాల్లోంచి నేరుగా పై అంతస్తులకు పాకుతుంది.

పదకొండో అంతస్తు గారూ, మీకు ఒక్క మాట. విచారణలో లైసెన్స్ రద్దు చేయమని అడగకండి. ఆ క్లబ్బు పోతే ఆ చోటికి ఇంకో క్లబ్బు రాదు, ఇంకో టవరే వస్తుంది. మీ భవనానికి పర్మిషన్ ఇచ్చినప్పటి శబ్దం నివేదిక బయట పెట్టమని అడగండి, మీ గదిలో 63 హెర్ట్జ్ దగ్గర విడిగా కొలవమని అడగండి.

పదకొండో అంతస్తు:
అడుగుతాను. నివేదిక అనేది ఒకటి ఉంటుందనే ఇప్పటిదాకా నాకు తెలీదు. రేపు పొద్దున్నే మా అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి, అటునుంచి అటే క్లబ్బు మేనేజర్‌ని కలుస్తాను. శనివారం రాత్రి ఒంటిగంటకు మా ఇంటికి వచ్చి ఆ గోడ మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూడమంటాను.