రవిబింబం పద్యం చివర: "నిండుచోన్" అనా, "నిండుచున్" అనా?

రామతీర్థం:
పెద్దలకు నమస్కారం. పోతన గారి భాగవతంలో వటుడు, అంటే వామనుడు, పెరిగిపోతుంటే సూర్యుడు ఆయనకి మొదట గొడుగు (ఛత్రం), తర్వాత తలమీద రత్నం, అలా ఒక్కో నగ అవుతూ చివరికి పాదపీఠం అవుతాడు కదా. ఆ "రవిబింబం బుపమింపఁ బాత్రమగు" పద్యం ముగింపు "బ్రహ్మాండమున్ నిండుచున్" అనా, "నిండుచోన్" అనా? మా నాయనమ్మ నోట "చున్" అని విన్నట్టే గుర్తు. వారం రోజులుగా నిద్రలో కూడా ఇదే. నేను చేసేది చుట్టుకునే తెఱల పని. 2020లో ఒప్పో చూపించిన నమూనా ఫోను తెఱ 6.7 అంగుళాల నుంచి 7.4కి సాగేది. 2025లో లెనోవో తెచ్చిన ల్యాప్‌టాప్‌ది 14 నుంచి 16.7కి నిలువునా పైకి లేస్తుంది. అలా లేస్తున్నంతసేపూ అందులో బొమ్మ ఏం కావాలన్నదే నాకున్న చిక్కు. దానికి ఈ పద్యమే దారి చూపిస్తోందనిపిస్తోంది, కానీ ఆ చివరి అక్షరం దగ్గర ఆగిపోయాను.

పాలకొండ మాస్టారు:
"చోన్" బాబూ. "చున్" అంటే అన్వయం కుదరదు. బ్రహ్మాండాన్ని నిండేది వటుడు. ఛత్రమనీ, శిరోరత్నమనీ పోల్చడానికి తగినది రవిబింబం. కర్తలు ఇద్దరు. "తింటూ మాట్లాడాడు" అంటే తిన్నవాడే మాట్లాడాలి కదా! ఇంకో మాట. తెరకి బండిర (ఱ) పెట్టకు. తెఱచుటకి బండిర, తెరకి మామూలు రేఫ. తమిళంలోనూ ఆ రెండూ వేరువేరు "ర"లే.

గరివిడి:
మాస్టారి అన్వయం సరే. ఛందస్సు మాత్రం ఎటూ తేల్చదు. పొల్లు ఉంది కాబట్టి "చున్" కూడా గురువే, మత్తేభం చెక్కు చెదరదు. నోటి పాఠంలో "చున్" ఎందుకు ఉండకూడదు? అసలు గొడవ దాని ముందు మాటలో ఉంది. సగంమంది "బ్రహ్మాండము నిండు" అని రాసేస్తున్నారు. "మున్" తీసేస్తే య గణం కూలిపోతుంది. ముందు అది దిద్దుకోవాలి.

నాగావళి ఒడ్డు:
మా తాతగారు హరికథలు చెప్పేవారు. ఈ పద్యం దగ్గర చిడతలున్న చెయ్యి ముందు తల పైకి ఎత్తేవారు. అక్కణ్ణుంచి నడినెత్తికి, చెవికి, మెడకి, భుజానికి, మణికట్టుకి, నడుముకి, చీలమండకి దింపుకుంటూ వచ్చి, ఆఖరున కాలు ఎత్తి దాని కిందకి చూపించేవారు. "నిండుచో..." అని అక్కడ దీర్ఘం పట్టి ఊపిరి అయిపోయేదాకా నిలిపేవారు. "చున్" అంటే నిలపడానికి అక్కడ అచ్చేదండీ? ఆయన చిన్నప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారి కథ విన్నారట. 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టినప్పుడు తొలి అధ్యక్షులు దాసుగారే.

గరివిడి:
దాసుగారిని తెచ్చి వాదన గెలిచెయ్యకండి! "చు" మీద కూడా రాగం నిలుస్తుంది. అయినా పెరగడం గురించే అయితే "ఇంతింతై వటుఁడింతయై" ఉండగా ఇదెందుకు? పోతన గారి శార్దూలాల్లో దాన్ని మించినది నాకు లేదు. ఒక్కో "అంతై" దగ్గర మనమే మునివేళ్ల మీద లేస్తాం.

రామతీర్థం:
అదే నేను చెప్పాలనుకున్నది. "ఇంతింతై"లో పెరిగేది బొమ్మ. మొదట నేనూ అలాగే చేశాను. ప్రయోగానికి బొబ్బిలి వీణ ఫొటో పెట్టుకున్నాను. తెర పక్కకి సాగేసరికి గుండ్రటి కుండ కోలగా సాగి గుమ్మడికాయ అయిపోయింది. నిజానికి చుట్టలోంచి బయటికొచ్చేటప్పుడు తెర చుక్కలు పెద్దవి కావు, కొత్తవి వచ్చి చేరతాయి. కాబట్టి వీణని ఉన్న కొలతలోనే ఉంచి, చుట్టూ ఇంకొంచెం గది కనిపించనివ్వాలి. రవిబింబం పద్యంలో జరిగేది అదే కదా. సూర్యుడు పెరగడు, తరగడు. వటుడు పెరుగుతున్న కొద్దీ సూర్యుడున్న చోటికి పేరు మారుతుంది.

అక్షరాలతోనే కష్టం. వెడల్పు మారినప్పుడల్లా పంక్తులు మళ్లీ విరిస్తే, చదువుతున్న మాట పై వరసలోకి గెంతేస్తుంది. పంక్తిని పట్టి ఉంచి, తెర ఆగాక ఒక్కసారే సర్దాలి. తెరని కదిలించే మోటారు సంగతి మరొకటి. సెకనుకి 60 సార్లు గీస్తే ఒక్కో బొమ్మకి దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఇప్పటి వెడల్పుకి గీస్తే కంటికి చేరేసరికి తెర ముందుకెళ్లిపోయి, అంచున నల్లగీత మెరుస్తుంది. కాసేపట్లో ఎంత ఉంటుందో లెక్కగట్టి, దానికి గియ్యాలి. అందుకే నాకు "చో" కావాలి. నిండాక కాదు, నిండుతున్న ప్రతి క్షణమూ బొమ్మ సరిగ్గా ఉండాలి.

ఆమదాలవలస:
క్షణం అనకండి. "చో" కాలం కాదు, స్థలం. చోటు, ఎచ్చోట, అచ్చోట అన్నీ దాని చుట్టాలే. వటుడు నిండిన ఒక్కో చోటా సూర్యుడు ఒక్కో నగ. తొమ్మిది పోలికలూ తొమ్మిది చోట్లు. మీ తెరకి కూడా అదే నప్పుతుంది. వెడల్పు ఎంతకి చేరిందన్నదే లెక్క, ఎంతసేపట్లో చేరిందన్నది కాదు.

రామతీర్థం:
ఇది నాకు తట్టలేదండీ! మధ్యలో ఎవరైనా తెర ఆపేసినా బొమ్మ చెడకూడదంటే వెడల్పునే నమ్ముకోవాలి. కానీ నల్లగీత పోవాలంటే కాలమూ కావాలి.

పాలకొండ మాస్టారు:
స్థలమని ఎలా అంటారు? "నిండునెడ" అని అర్థం చెప్పుకుంటే "ఎడ" కాలానికీ చెల్లుతుంది, చోటుకీ చెల్లుతుంది. ఆమదాలవలస వారు సగమే చెప్పారు.

గరివిడి:
అయితే "చున్" ఎవరూ ఒప్పుకోరన్నమాట. సరే, రామతీర్థం నాయనమ్మ గారు చదువుకున్న ప్రతి ఇంట్లో ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టమనండి.

రామతీర్థం:
మా నాయనమ్మకి చదువు రాదండీ. విని నేర్చుకుంది.

నాగావళి ఒడ్డు:
అయితే మా తాతగారిలాంటి వారి కథే ఏదో విని ఉంటారు. ఎవరిదో కనుక్కో బాబూ. ఇంకోటి, "ఛవిమత్కంకణమై" దగ్గర ఆవిడ "చవి" అనేవారా, "ఛవి" అనేవారా? మా వైపు ఒత్తు లేకుండానే అనీవారు. కాంతి కాస్తా రుచి అయిపోయేది.

పాలకొండ మాస్టారు:
ఒత్తు ఉండి తీరాలి. కానీ మా బళ్లో కూడా...