నమ్మినవాడే పిల్లల జోలికొస్తే కనీసం 20 ఏళ్లు: ఈ శిక్ష కేసుని నిలబెడుతోందా, కూలుస్తోందా?

పెన్నాగట్టు (నెల్లూరు):
టీ అంగడి దగ్గర మొదలైన వాదన, తేలక ఇక్కడ పెడుతున్నా. పిల్లల మీద లైంగిక నేరాలకి శిక్షలు వేసే పోక్సో చట్టం 2012లో వచ్చింది, 2019లో శిక్షలు పెంచారు. ఇప్పుడు లెక్క ఇదీ: పిల్లల మీద అత్యాచారం చేస్తే కనీసం 10 ఏళ్లు, పిల్ల 16 ఏళ్ల లోపుదైతే 20. చేసినవాడు బంధువో, అయ్యవారో, హాస్టల్ నడిపేవాడో, పోలీసో, ఏ రకంగానైనా ఆ పిల్ల నమ్మకం ఉంచిన మనిషో అయితే వయసుతో పని లేదు, కనీసం 20. ఆపైన బతికున్నంత కాలం జైలు, ఉరి కూడా వేయొచ్చు. 20 కంటే తగ్గించే అధికారం జడ్జికి లేదు. ఇంత పెట్టబట్టే ఇంట్లోవాళ్ల మీద ఎవరూ కేసు పెట్టడం లేదని మా ఫ్రెండ్ అంటాడు. నమ్మించి చేసినవాడికి ఇది కూడా తక్కువేనని నేనంటా. మీరేమంటారు?

చిల్లకూరు చిన్నోడు:
ఉరే. దీనికి చర్చ ఎందుకు?

ఒంగోలు గుమస్తా:
చిన్నోడా, ఉరి అనడం తేలిక. లాయరు గారి ఫైళ్లు మోస్తూ కోర్టు వరండాలో సగం జీవితం గడిపినవాణ్ణి, నా మాట కాస్త వినండి. బయటివాడు చేసిన కేసైతే తల్లి, తండ్రి, మేనమామలు, ఊరు ఊరంతా వాయిదాకి దిగుతుంది. ఇంటివాడు చేసిన కేసులో తల్లి ఒక్కతే వస్తుంది. మొగుడి తరఫు వాళ్లు ఎదురుగా బెంచీ మీద కూర్చుని చూస్తుంటారు. ఒకామె పాపకి సమోసా కొనిపెట్టి, తను కొళాయి దగ్గర నీళ్లు తాగి వచ్చి కూర్చునేది, బస్సు చార్జీలకు డబ్బులుండవని. సంపాదించే మనిషి జైల్లో, అద్దె ఎవరు కడతారు, బియ్యం ఎవరు తెస్తారు? పోలీసులకి, మెజిస్ట్రేటుకి అంతా చెప్పిన పిల్ల చివరికి కోర్టులో నాకేం గుర్తు లేదంది. హాస్టైల్, అంటే సాక్షి ఎదురు తిరిగిందని రాసుకున్నారు, కేసు పోయింది. నాన్న 20 ఏళ్లు రాడు అంటే ఏ పిల్లయినా అట్టాగే అంటుంది. కనీస శిక్ష తగ్గించి జడ్జికి వెసులుబాటు ఇవ్వాలని నేనంటోంది వాడి మీద జాలితో కాదు, పదిలో నాలుగు కేసులైనా నిలబడతాయని.

టీచరమ్మ, కందుకూరు:
గుమస్తా గారూ, 2019కి ముందు ఇదే నేరానికి కనీస శిక్ష 10 ఏళ్లే. అప్పుడు సాక్షులు గట్టిగా నిలబడ్డారా? వరండాలో మీరు అప్పుడూ ఉన్నారుగా, చెప్పండి. ఇక జడ్జికి వెసులుబాటు ఇస్తే అది ఎవరికి అందుతుందో కూడా మీకు తెలుసు. ముసలి తల్లిదండ్రులున్నారు, మొదటి తప్పు, చదువుకున్నవాడు, ఊళ్లో మంచి పేరుంది అని మీ లాయర్లే కదా శిక్ష తగ్గించమని అడిగేది. ఆ మంచి పేరు చూసే కదండీ పిల్లని వాడి దగ్గరికి పంపింది? దేన్ని అడ్డం పెట్టుకుని నేరం చేశాడో దాన్నే చూపించి శిక్ష తగ్గించమంటే ఎట్టా?

దర్శి బావ:
నాదొక సందేహం. పిల్ల 16 లోపుదైతే బయటివాడికీ కనీసం 20, ఇంటివాడికీ కనీసం 20. ఉరి మాట పక్కన పెడితే నమ్మకద్రోహానికి అదనంగా పడిందేముంది?

ఆక్వా శీను:
అందరూ 20, 20 అంటుండారు. చెయ్యి తగిలిందని కేసు పెడితే కూడా 20 ఏళ్లేనా? అది చెప్పండి ముందు.

టీచరమ్మ, కందుకూరు:
కాదు శీను గారూ. లైంగిక ఉద్దేశంతో ఒంటి మీద చెయ్యి వేస్తే 3 నుంచి 5 ఏళ్లు. నమ్మకమైన స్థానంలో ఉన్నవాడు వేస్తే 5 నుంచి 7.

ఆక్వా శీను:
ఉద్దేశం ఎవరికి తెలుస్తుంది? చట్టంలోనే రాసుండారంట, వాడికి ఆ ఉద్దేశం ఉందని కోర్టు ముందే అనుకోవాలని, కాదని వాడే రుజువు చేసుకోవాలని. హత్య కేసులో కూడా లేదు ఇది. నిజమా కాదా గుమస్తా సారూ?

ఒంగోలు గుమస్తా:
ఉంది, 29, 30 సెక్షన్లు. కానీ ఊరికే అనుకోరు. జరిగిందనడానికి అసలు సంగతులు ముందు ప్రాసిక్యూషనే చూపించాలి, ఆ తర్వాతే బరువు ముద్దాయి మీద పడేది.

దర్శి బావ:
ఉద్దేశం మాటొచ్చింది గనక, బట్టల మీదుగా తాకితే ఈ నేరం కిందికి రాదని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి అంటే, 2021 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. చూడాల్సింది ఉద్దేశం, గుడ్డ కాదు అని. ఇంతకీ నా సందేహానికి ఎవరూ జవాబు చెప్పలా.

ఆక్వా శీను:
మీరంతా చట్టం చదివి మాట్లాడుతుండారు, నేను పడినవాణ్ణి మాట్లాడుతుండా. మా బావమరిది ఇంట్లో ట్యూషన్ చెప్పేవాడు. ఒక పిల్ల తండ్రి వచ్చి గొడవ చేశాడు, తెల్లారేసరికి పిల్ల మీద చెయ్యి వేశాడని కేసు. బెయిల్ వచ్చేలోపు నెలలు పట్టింది. సరిగ్గా ఆ టైంలో మా రొయ్యల గుంటలకి వైట్ స్పాట్ రోగం తగిలింది. రొయ్య ఒడ్డుకొచ్చి తేలుతుంటే అది పట్టించుకోవాలా, లాయరు చుట్టూ తిరగాలా? మా అక్క నాలుగు నెలలు వీధిలోకి రాలేదు. చివరికి కేసు కొట్టేశారు. పోయిన పేరు ఎవరు తెస్తారు? అబద్ధం కేసు పెట్టినోళ్లకి ఏం శిక్ష ఉంది మీ చట్టంలో?

ఒంగోలు గుమస్తా:
22వ సెక్షన్ ఉంది. పగబట్టి, డబ్బు గుంజాలని అబద్ధం ఫిర్యాదు ఇస్తే 6 నెలల దాకా. ఫిర్యాదు ఇచ్చింది పిల్లే అయితే శిక్ష లేదు.

పెన్నాగట్టు (నెల్లూరు):
శీనన్నా, ఏమని కొట్టేశారు?

ఆక్వా శీను:
ఆ పిల్ల కోర్టులో గుర్తు లేదని చెప్పింది.

టీచరమ్మ, కందుకూరు:
అంటే గుమస్తా గారు పైన చెప్పిన కథే. అబద్ధం కేసని జడ్జి రాశారా, సాక్ష్యం లేదని రాశారా?

ఆక్వా శీను:
మేడం, మర్యాదగా మాట్లాడండి. మా ఇంటి సంగతి మీకేం తెలుసని? బళ్లో కుర్చీలో కూర్చుని నీతులు చెప్పేవాళ్లకి పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కితే తెలుస్తుంది.

చిల్లకూరు చిన్నోడు:
అన్నా, ఆమె అడిగినదానికి జవాబు చెప్పొచ్చుగా.

ఆక్వా శీను:
చెప్తా, దాచేదేముంది. పెద్దమనుషులు కూర్చోబెట్టారు. పిల్ల పేరు మీద బ్యాంకులో డిపాజిట్ వేశాం, వాళ్లు వేరే ఊరు పోయారు. అడిగింది వాళ్లే, మేం బలవంతం చేయలేదు. రెండు ఇళ్ల పరువు మిగిలింది. రేపు ఆ పిల్ల పెళ్లికి పనికొస్తాయి ఆ డబ్బులు. వాడు జైల్లో ఉంటే ఆ పిల్లకి ఏమొచ్చేది?

టీచరమ్మ, కందుకూరు:
ఇంతసేపూ అబద్ధం కేసు అన్నారు. అబద్ధమైతే డిపాజిట్ ఎందుకేశారండీ?

గుమస్తా గారూ, మీరూ చూడండి. 20 ఏళ్లకి భయపడి సాక్షులు వెనక్కి పోతున్నారని కదా మీరన్నది. ఈయన చెప్పిన కేసులో పడేది 5 నుంచి 7. వీళ్లూ రాజీకే పోయారు. తగ్గిస్తే కేసులు నిలబడతాయన్న మాట ఎక్కడ నిలబడింది? రాజస్థాన్‌లో ఒక బడిపంతులి మీద 2022లో ఇట్టాంటి కేసే పెట్టారు. తండ్రి స్టాంపు కాగితం మీద రాజీ రాసిచ్చాడు, హైకోర్టు కేసు కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు రద్దు చేసి, ఇది తండ్రికీ పంతులికీ మధ్య తగాదా కాదు, విచారణ జరగాల్సిందేనంది.

ఒంగోలు గుమస్తా:
అమ్మా, సుప్రీంకోర్టు ఢిల్లీలో ఉంటుంది, ఆ తండ్రి ఊళ్లో ఉండాలి. రాజీ మంచిదని నేనూ అనను. కానీ కేసు పెట్టాలా, వద్దా, చివరిదాకా పోవాలా అన్నది కన్నవాళ్లు తేల్చుకోవాలి. 19, 21 సెక్షన్లు చూడండి, తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలంట, చెప్పకపోతే 6 నెలల దాకా జైలంట. భయపడి నోరు మూసుకున్న తల్లిని కూడా బోనెక్కిస్తారా? కన్నతల్లికంటే మీకెక్కువా ఆ పిల్ల మీద బాధ?

టీచరమ్మ, కందుకూరు:
బాధ ఆమెకే ఎక్కువ, దిక్కు తక్కువ. అందుకే ఆమె ఒక్కదాని నెత్తిన పెట్టకూడదంటున్నా. నా క్లాసులో పిల్ల నాకు చెప్తే, ఇంట్లో అడిగి వస్తానని నేను ఆగను. అడగాల్సిన ఇంట్లోనే చేసినవాడు ఉండొచ్చు. నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో చూడండి, అత్యాచారం పోక్సో కేసుల్లో నూటికి 90కి పైగా నిందితుడు పిల్లకి తెలిసినవాడే. మీకు పిల్ల అంటే ఇంటి పరువులో ఒక భాగం, నాకు విడిగా ఒక మనిషి. మీరు 20ని 7 చేసినా, నేను 20ని 30 చేసినా ఈ తగువు తెగదు.

పైగా మీరు చెప్పిన ఆ సమోసా తల్లికి డబ్బు వచ్చే దారుంది. 2020 రూల్స్ ప్రకారం కేసు నడుస్తుండగానే ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించొచ్చు, ఆర్డరు అందిన 30 రోజుల్లో ప్రభుత్వం కట్టాలి. తిండికీ బస్సు చార్జీలకీ అయితే బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేస్తే వారంలోపే ఇవ్వాలి. ఈ మాట ఆమెకి ఎవరైనా చెప్పారా? మీ లాయరు గారైనా చెప్పారా?

ఒంగోలు గుమస్తా:
మా సారు ముద్దాయి తరఫు. ఆయనెందుకు చెప్తారు?

పెన్నాగట్టు (నెల్లూరు):
గుమస్తా సారూ, ఈ మాట మొదటి పోస్టులో రాసుంటే బాగుండేది.

ఒంగోలు గుమస్తా:
ఏ వైపు కూర్చున్నా కళ్లు కళ్లే. నేను చూసింది అబద్ధం కాదు. ఆమెకి నీళ్లే తప్ప తిండి లేదు, అది నిజం.

పెన్నాగట్టు (నెల్లూరు):
టీచరమ్మా, ఆ పరిహారం కోసం ఎవరిని కలవాలి? మా వీధిలో ఒకరికి చెప్పాలి.

టీచరమ్మ, కందుకూరు:
కేసు నడిచే ప్రత్యేక కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు. లాయరు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే ఉచితంగా ఇస్తారు. ఇంకా కేసే పెట్టకపోతే 1098కి ఫోన్ చేయమనండి. వాళ్ల పేరు, వీధి మాత్రం ఇక్కడ రాయకండి.

దర్శి బావ:
నా సందేహం అట్టాగే ఉండిపోయింది.

ఆక్వా శీను:
అడ్మిన్ గారూ, డిపాజిట్ గురించి నేను రాసిన పోస్టు తీసేయండి. బావమరిది కూడా ఈ గ్రూపులోనే ఉన్నాడంట, ఇప్పుడే ఫోన్ చేశాడు.