పాట రాసింది నేను, పబ్లిషర్ గడిలో ఏం రాయాలి?

రాయగడ కుర్రాడు: రాత్రి పదింటి నుంచి ఈ ఫారం ముందే కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంటన్నర. ఐపీఆర్‌ఎస్‌లో (అదే, పాటల రాయల్టీ వసూలు చేసి రాసినవాళ్లకి, ట్యూన్ కట్టినవాళ్లకి పంచే సంఘంలో) నా పాట నమోదు చేసుకుందామంటే పబ్లిషర్ ఎవరని గడి ఉంది. నేనేం పుస్తకం వేయలేదు కదా! మజ్జిగౌరమ్మ మీద పాట, పల్లవి, చరణాలు అన్నీ నావే. యూట్యూబ్‌లో జనం వింటున్నారు, నాకు పైసా రాలేదు. బుర్ర పనిచేయట్లేదు, ఎవరైనా చెప్పండి.

గుణుపురం అన్న: ట్యూన్ ఎవరిది?

పర్లాకిమిడి మాస్టారు: బాబూ, ముందు ఒక మాట. కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించకపోతే హక్కు లేదని చాలామంది భయపెడతారు, నమ్మకు. 1957 చట్టం ప్రకారం పాట కాగితం మీద పెట్టిన రోజే హక్కు పుడుతుంది. నువ్వు బతికినంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు నీ వారసులకి. రాసిన నోటుబుక్కు మాత్రం పారేయకు. కొట్టివేతలున్న పేజీలే రేపు సాక్ష్యం.

రాయగడ కుర్రాడు: మాస్టారూ, పారేయలేదు. గడి సంగతి చెప్పండి. ట్యూన్ మా బావ కట్టాడు.

గుణుపురం అన్న: అయితే రచయిత ఒక్కడే కాదు. మీ బావ పేరు కూడా పడాలి. స్టూడియోకి ఏమైనా రాసిచ్చావా?

పర్లాకిమిడి మాస్టారు: రచయిత అంటే రాసినవాడు. బావని స్వరకర్త అనాలి.

బరంపురం కీబోర్డ్: చట్టంలో సంగీతానికి ఆథర్ కంపోజరే మాస్టారూ. మాటలకి గీత రచయిత, ట్యూన్‌కి స్వరకర్త, ఇద్దరూ ఆథర్లే. ఈ తేడా చూడకే మావాళ్ల పేర్లు చాలా పాటల్లో పడలేదు.

రాయగడ కుర్రాడు: రికార్డింగ్ రోజు స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించారు. హడావుడిలో చదవలేదు. స్టూడియోవాళ్లే అప్‌లోడ్ చేశారు.

గుణుపురం అన్న: ఇది మొదటే చెప్పాల్సింది తమ్ముడూ! హక్కు ఎవరికి రాసిచ్చావో వాళ్లే పబ్లిషర్. రాసివ్వకపోతే ఆ గడిలో ఎవరూ ఉండరు. ఇక రికార్డింగ్‌కొచ్చే డబ్బు అప్‌లోడ్ చేసినవాళ్లకి పోతుంది, మాటల, ట్యూన్ వాటా వేరు. 2012 సవరణ తర్వాత ఆ వాటా వదులుకుంటున్నానని నువ్వు సంతకం పెట్టినా చెల్లదు. హక్కు కొన్నవాళ్లతో సమానంగా రావాలి. ఆ కాగితం ఫోటో తీసి పంపు.

జయపురం నుంచి: మధ్యలో అడుగుతున్నాను. గుడి ఉత్సవంలో పాడితే రాయల్టీ ఉండదంటారు కదా?

పర్లాకిమిడి మాస్టారు: పూజలో, పెళ్లి ఊరేగింపులో పాడితే మినహాయింపు ఉంది. అదే ఉత్సవానికి పందిరేసి టిక్కెట్టు పెడితే?

బరంపురం కీబోర్డ్: అది ఆర్కెస్ట్రా, పూజ కాదు. ఆ సంఘం దగ్గర లైసెన్సు తీసుకోవాలి, పాడిన పాటల జాబితా ఇవ్వాలి. జాబితాలో పేరు లేకపోతే డబ్బు ఎవరికి పంచాలో తెలియదు. పోయిన నెల నేను శుభలేఖ వెనకాల రాసి ఇచ్చాను.

రాయగడ కుర్రాడు: కాగితం అమ్మ బీరువాలో ఉందట, పొద్దున తీస్తాను. థాంక్స్ అన్నా.

జయపురం నుంచి: టిక్కెట్టు లేకుండా చందాలతో చేస్తే?